విప్పిన కారు, చెప్పని అప్పు

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, డల్లాస్ శివారు నుంచి ఏడు పేజీల ఉత్తరం పంపారు. సొంత ఊరు రాజమండ్రి, వయసు 43, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో భార్య, తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు. 2019లో, జపాన్ నుంచి పాత కార్లు తెప్పించి అమ్మే ఒక వ్యాపారి దగ్గర 1992లో తయారైన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కారును ఈయన 34,000 డాలర్లకు కొన్నారు. అందులో 10,000 డాలర్లు కాకినాడలో తనతో ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు కాలిఫోర్నియాలో స్థిరపడిన స్నేహితుడివి. చేతికి వచ్చేసరికే ఆ కారును జపాన్‌లోని పాత యజమానులు బాగా మార్చేశారు. ఇంజిన్‌కు ఎక్కువ గాలి పంపి శక్తి పెంచే రెండు చిన్న టర్బోలు తీసి ఒక పెద్దది బిగించారు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేశారు, కారును నేలకు దించారు, అదనపు మీటర్ల కోసం డ్యాష్‌బోర్డుకు రంధ్రాలు చేశారు. 2022లో ఈయన దాన్ని "కంపెనీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా" చేయాలని పూనుకున్నారు. ఇప్పటికి 31,000 డాలర్లు ఖర్చయింది. ఇంజిన్ స్టాండు మీద, బాడీ గరాజ్‌లో, మిగతావన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి.

డిక్కీలో కార్పెట్ తీసినప్పుడు వెనుక కుడి స్ట్రట్ టవర్ (సస్పెన్షన్ పైభాగాన్ని పట్టి ఉంచే బాడీ భాగం) దగ్గర తుప్పు, దాని మీద ఎవరో పుట్టీ పెట్టి రంగు వేసిన పాత మరమ్మతు బయటపడ్డాయి. ఇంజిన్ దించినప్పుడు, ఇంజిన్ ఉండే గది వెనుక గోడ మీది రేకు పలకలో రంగు కోడ్ టీహెచ్1 అని కనిపించింది. కారేమో బూడిద రంగులో ఉంది. ఇంకా 40,000 డాలర్ల దాకా అవుతుందని వర్క్‌షాప్ వారి అంచనా. పెట్టిన ఖర్చులో 14,000 డాలర్లు ఇంట్లో చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద పెట్టినవి. పన్ను లెక్కలు చూస్తుండగా ఆ సంగతి భార్య కంట పడింది. ఆమె గొడవ పెట్టుకోలేదట. "ఇంకా ఎంత అవుతుందో ఒక్కసారి నిజం చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారట. రెండు నెలలైనా ఈయన జవాబు చెప్పలేకపోయారు. స్నేహితుడు మాత్రం "ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దాంరా, లేదా నాకిచ్చెయ్, ఇక్కడికి తెచ్చుకుంటాను" అంటున్నాడు. పూర్తి చేయాలా, ఆపాలా, అమ్మాలా అన్నది ప్రశ్న. ఆరేళ్ల తర్వాత కుటుంబంతో రాజమండ్రి తిరిగి వెళ్లాలని, కారును కంటైనర్‌లో వెంట తీసుకుపోవాలని ఉందని చివర్లో ఒక మాట జోడించారు.

సమాధానం:

మీరు అడిగిన క్రమంలో కాకుండా కారుతో మొదలుపెట్టి అప్పు దగ్గరికి వస్తాను. అప్పు చిన్న సంగతని ఇలా చేయడం లేదు. మీ భార్య అడిగినది ఒక అంకె. కారు విషయంలో మీకు ఏం కావాలో తేలనిదే ఆ అంకెను మీరు నిజాయితీగా చెప్పలేరు. రెండు నెలలుగా మీరు మౌనంగా ఉండటానికి కొంత కారణం సిగ్గయితే, మిగతా కారణం మీ దగ్గర నిజంగానే జవాబు లేకపోవడమని నా అనుమానం.

ఉత్తరం నాలుగో పేజీలో మీరు సంతోషంగా రాసిన వాక్యం ఒకటి ఉంది: "ఒరిజినల్ 17 అంగుళాల బీబీఎస్ చక్రాలు, బ్రెంబో బ్రేకులు కూడా సంపాదించాను." అవి మంచి వస్తువులే, దొరకడం కష్టమే, కాదనను. అయితే అవి 1993 ఫిబ్రవరిలో వచ్చిన వీ-స్పెక్ అనే ప్రత్యేక రకం జీటీ-ఆర్ కార్లకు కంపెనీ ఇచ్చినవి. మీది 1992 నాటి కారు. అది టోక్యో దగ్గరి మురయామా ఫ్యాక్టరీ నుంచి 16 అంగుళాల చక్రాలతో, 225/50 టైర్లతో బయటికి వచ్చింది. దాని బ్రేకుల మీద బ్రెంబో పేరు ఉండదు. ఇక పలక మీది టీహెచ్1 అంటే ముదురు నీలం. ఇప్పుడు కారు మీద ఉన్న బూడిద రంగు గన్ గ్రేకు నిస్సాన్ వాడే కోడ్ వేరు, కేహెచ్2. అంటే కంపెనీ గేటు దాటిన రోజున మీ కారు నీలంగా, చిన్న చక్రాల మీద ఉంది. మీరు 31,000 డాలర్లు పెట్టి చేయిస్తున్నది బూడిద రంగులో, పెద్ద చక్రాల మీద ఉన్న మరో కారును.

ఆ మరో కారు ఎక్కడిదో కూడా మీ ఉత్తరమే చెబుతోంది. కాకినాడ హాస్టల్లో స్నేహితుడి కంప్యూటర్ మీద రాత్రంతా ఆడిన ఆటలో మీరిద్దరూ ఎంచుకునే కారు బూడిద రంగు జీటీ-ఆర్ అని రాశారు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్లు మనసులో నిలిచిన బొమ్మకు విలువ ఉంటుంది. కానీ ఆ బొమ్మను నిజం చేసుకోవడం ఒక పని, మురయామా నుంచి వచ్చిన కారును తిరిగి తేవడం ఇంకో పని. రెంటికీ ఒకే పేరు పెట్టుకుని, ఒకే డబ్బుతో, ఒకేసారి చేయబోవడం వల్లే మీ ఖర్చుకు అంచు కనిపించడం లేదు.

ఇక్కడ పాత యజమానుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లు "కారును పాడుచేశారు" అని మీరు మూడుసార్లు రాశారు. ఆ ఇంజిన్‌ను గీసిందే పందేల కోసం. సరిగ్గా 2,568 సీసీ ఉండటం కూడా గ్రూప్ ఏ అనే కార్ల పందేల నియమాల లెక్కే. టర్బో ఇంజిన్ల పరిమాణాన్ని అక్కడ 1.7తో హెచ్చించి ఏ తరగతిలో ఉంచాలో నిర్ణయించేవారు. జపాన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో 1990 నుంచి 1993 వరకు ఈ కారు 29 పందేలకు 29 గెలిచింది. రోడ్డు మీద తిరిగే కారుకు 280 హార్స్‌పవర్ అని రాసింది జపాన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న హద్దును బట్టి. అలాంటి ఇంజిన్ చేతికి వస్తే టర్బో మార్చాలనిపించడం సహజం. ఈ మాట ఎందుకంటే, మీరు అట్టపెట్టెలో పడేసిన ఆ పెద్ద టర్బో, కాయిల్‌ఓవర్లు (కారును దించడానికి వేసిన సస్పెన్షన్), స్టీరింగ్ చెత్త కాదు, వాటికీ కొనేవాళ్లున్నారు. మీ లెక్కలో అవి జమ వైపు రావాలి. ఉత్తరంలోని పద్దులో వాటి ఊసే లేదు.

మొదటి దారి, మాట మీద నిలబడి 1992 నాటి నీలం కారును తేవడం. ఇది గౌరవమైన పని, ఖరీదైన పని. రంగు మార్చడమంటే పైపూత కాదు. తలుపుల అంచులు, డిక్కీ లోపల, ఇంజిన్ ఉండే గది గోడలు అన్నీ నీలం కావాలి, అద్దాలు ఊడదీయాలి. బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం కనుక వాటి కింద వేసే ప్రైమర్ వేరు; ఉక్కు బాడీలకు మాత్రమే అలవాటుపడిన షెడ్డులో ఇస్తే రెండేళ్లకు పొక్కులు వస్తాయి. ఇంజిన్ ఎలాగూ బయట ఉంది కనుక ఈ పని చేయదలిస్తే ఇంతకంటే అనువైన సమయం రాదు, దాన్ని తిరిగి బిగించాక మాత్రం రంగు గురించి మాట్లాడుకోవడం దండగ. విడిభాగాల విషయంలో మీరు భయపడినంత కరువు లేదు. 2017 డిసెంబరు నుంచి నిస్సాన్ తన నిస్మో విభాగం ద్వారా హెరిటేజ్ పార్ట్స్ పేరుతో ఈ మోడల్‌కు వైరింగ్ హార్నెస్‌లు, గొట్టాలు, చిహ్నాల వంటివి మళ్లీ తయారు చేసి అమ్ముతోంది. వెనుక ప్యానెల్‌నయితే పాత అచ్చులు లేకుండా, రేకుకు రెండు వైపులా రోబోలు నొక్కి ఆకారం తెచ్చే పద్ధతిలో చేశారు. కానీ ఆ జాబితాలో లేనివి చాలా ఉన్నాయి. రంధ్రాలు పడిన మీ డ్యాష్‌బోర్డుకు బదులు పగుళ్లు లేని పాతది దొరకాలంటే జపాన్‌లో విప్పేసిన కార్ల వైపే చూడాలి, ఓపిక పట్టాలి.

అక్షరాలా ఫ్యాక్టరీ స్థితి అంటే ఫ్యాక్టరీ లోపాలు కూడా కలిపే. అసలు టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రం సిరామిక్‌తో చేసినది. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, కాస్త పెంచితే అది ఇరుసు నుంచి ఊడిపోతుందని ఈ కార్లు నడిపేవారందరికీ తెలుసు. ఆ కాలపు ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ మీద ఆయిల్ పంపును తిప్పే భాగం ఇరుకు, ఎక్కువ వేగంలో అక్కడే విరిగి ఇంజిన్ మొత్తం పోతుంది. తర్వాతి ఏళ్లలో నిస్సానే దాన్ని వెడల్పు చేసింది. మీ ఇంజిన్ విప్పి ఉండగా, ఆ ఇరుకు భాగాన్ని వెడల్పు చేసే కాలర్ అనే పట్టీ వేయించకపోతే, ఒరిజినాలిటీ పేరుతో మీరు ప్రమాదాన్ని కొనుక్కున్నట్టే. పైకి పాత టర్బోలాగే కనిపిస్తూ లోపల ఉక్కు చక్రం ఉన్నవి పెట్టించినా ఎవరూ తప్పుపట్టరు. హెడ్‌లైట్ల సంగతి మరీ చిత్రం. అవి జపాన్ రోడ్లకు, అంటే ఎడమవైపు నడిచే దేశానికి చేసినవి. వెలుగు ఎడమకు ఎత్తి పడుతుంది. టెక్సాస్‌లో ఆ ఎడమ పక్కన ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లుంటాయి. అక్కడ మాత్రం ఫ్యాక్టరీ పద్ధతిని పక్కన పెట్టండి.

రెండో దారి, హాస్టల్ నాటి కారును చేసుకోవడం: బూడిద రంగు అలాగే ఉంచి, సంపాదించిన చక్రాలు, బ్రేకులు బిగించి, ఇంజిన్ భాగాన్ని మాత్రం రెండు టర్బోలు, లోపలికి వెళ్లే గాలిని కొలిచే రెండు ఎయిర్ ఫ్లో మీటర్లు, ఇంజిన్‌ను నియంత్రించే అసలు కంప్యూటర్‌తో పాత పద్ధతికి తేవడం. పెద్ద ఖర్చు రంగు దగ్గర ఉంటుంది కనుక అది తప్పిపోతుంది, కారు బహుశా ఏడాదిలో రోడ్డెక్కుతుంది. దీని వల్ల పోయేది ఒకటే: రేపు అమ్మేటప్పుడు దీన్ని ఫ్యాక్టరీ కారని గానీ, వీ-స్పెక్ అని గానీ అనకూడదు. పలక చూసిన కొనుగోలుదారుకు నిమిషంలో తెలిసిపోతుంది, ధర దాన్ని బట్టి తగ్గుతుంది. నేను ఈ దారి వైపు కొద్దిగా మొగ్గుతున్నానని దాచను. కానీ పలక మీది టీహెచ్1 చూసిన ప్రతిసారీ మీకు గుచ్చుకుంటుందనుకుంటే ఇది మీకు పనికిరాదు. అది మీ స్వభావానికి సంబంధించిన ప్రశ్న, నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

ఈ రెండింటిలో ఏదైనా క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం తిరిగి పెట్టించండి. ఇరవై అయిదేళ్లు నిండిన కారు కనుక అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి దీనికి మినహాయింపు వచ్చింది. పొగ విషయంలో ఆ దేశపు పర్యావరణ సంస్థ ఇచ్చే మినహాయింపు వేరు. ఇరవై ఒక్క ఏళ్లు దాటి, అసలు అమరికలో ఏ మార్పూ లేకుండా ఉన్న కారుకే అది వర్తిస్తుంది. దిగుమతి కాగితాల మీద వ్యాపారి ఏమని రాశాడో ఒకసారి తెప్పించి చదవండి. వేలం సమయంలో జపాన్‌లో రాసే తనిఖీ పత్రం కూడా అడగండి. అందులో తుప్పుకు ఎస్ అని, మరమ్మతు చేసిన రేకుకు డబ్ల్యూ అని గుర్తులు వేస్తారు. ఆ స్ట్రట్ టవర్ సంగతి వ్యాపారికి ముందే తెలుసో లేదో దాన్నిబట్టి కొంత ఊహించవచ్చు. ఇన్నేళ్ల తర్వాత ఆయన మీద మీరు చేయగలిగింది తక్కువే గానీ, రేపు మీరు అమ్మేవారవుతారు, అప్పుడు మీ చేతిలో ఆ పత్రం ఉండాలి.

మూడో దారి అమ్మకం. "ఉన్నది ఉన్నట్టు" అని మీ స్నేహితుడు తేలిగ్గా అంటున్నాడు గానీ, ఉన్నది అట్టపెట్టెల్లో ఉంది. మా ఊళ్లో అంబాసిడర్లు బాగుచేసే మేస్త్రి ఒకాయన "విప్పడానికి పూట, బిగించడానికి పుష్కరం" అనేవాడు. అది తెలిసిన కొనుగోలుదారు విప్పిన కారుకు భాగాల ధర కంటే తక్కువే చెబుతాడు. పైగా ఏ బోల్టు తప్పిపోయిందో అతనికి తెలియదు, మీకూ తెలియదు. అమ్మడమే నిర్ణయమైతే ముందు ఆ తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ఉన్న పెద్ద టర్బోతోనే ఇంజిన్ బిగించి, స్టార్ట్ అయ్యే స్థితికి తెచ్చి, పుట్టీ కింద దొరికినదాని ఫొటోలు, రంగు మారిన సంగతి దాచకుండా పెట్టి అమ్మండి. దీనికి కూడా కొంత డబ్బు కావాలి, కానీ 40,000 కాదు. మొత్తం మీద నష్టం వస్తుంది. అది ఎంతో ఇప్పుడే తెలుస్తుంది, ఏటేటా పెరగదు. ఈ దారికున్న మేలు అదే.

స్నేహితుడికి ఇచ్చేయడం అన్నది మాత్రం అతను అనుకున్నంత సులువు కాదు. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు ఈ ఇరవై అయిదేళ్ల లెక్కను పట్టించుకోవు. అక్కడ పొగ పరీక్ష నుంచి మినహాయింపు 1975 వరకు తయారైన కార్లకే. 1992 స్కైలైన్‌ను అక్కడ రిజిస్టర్ చేయాలంటే ఆ రాష్ట్ర ప్రమాణాలకు తగ్గట్టు మార్పించి, పరీక్షలో నెగ్గించాలి, ఆ ఖర్చు వేరే. అతని 10,000 డాలర్లు అప్పా, వాటానా అన్నది మీరిద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ఒక చిన్న కాగితం మీద రాసుకోండి. పాతికేళ్ల స్నేహానికి అది అవమానమేమీ కాదు.

ఇప్పుడు మీరు చివర్లో విడిచిన మాట. కంటైనర్‌లో రాజమండ్రికి. ఇండియాలో వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి పెట్టిన షరతులు వరుసగా చదివితే మొదట ఆశ పుడుతుంది: స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి, హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రోడ్లకు సరిపోవాలి. అన్నీ మీ కారుకు ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. కానీ తయారై మూడేళ్లకు మించకూడదన్నది కూడా అదే జాబితాలో ఉంది. కాబట్టి ఆ ఆలోచనను మీ లెక్కలోంచి తీసేయండి. తీసేస్తే మిగతా ప్రశ్నల రూపం మారుతుంది. ఆరేళ్లలో తిరిగి వెళ్లడం ఖాయమైతే ఈ కారు ఎలాగూ అమెరికాలోనే ఎవరికో వెళ్లిపోతుంది, మీరు దాన్ని నడిపే కాలం ఆరేళ్లే. మొదటి దారిలో రెండు మూడేళ్లు వర్క్‌షాప్‌కే పోతాయి. మిగిలిన మూడేళ్ల కోసం, లేదా అమ్మకపు ధర కోసం అంత ఖర్చు సమంజసమో కాదో చూసుకోవాలి. తిరిగి వెళ్లడం ఖాయం కాకపోతే, అంటే ఆ మాటను మీరు పదేళ్లుగా ఏటా అంటూ ఉన్నవారిలో ఒకరైతే, తొందరపడవలసిన పని లేదు. తుప్పు వరకు బాగు చేయించి, భాగాలన్నిటికీ పేర్లు రాసి, రెండేళ్లు దేన్నీ ముట్టకుండా ఉంచడం నాలుగో దారి. పాప కాలేజీ ఖర్చు ఎంతో అప్పటికి తెలిసి ఉంటుంది. కానీ ఆ తుప్పును మాత్రం వదలకండి. గరాజ్‌లో ఉన్నా అది తన పని తాను చేసుకుంటూ పోతుంది.

ఇక మీ భార్య అడిగిన మాట. ఆమె "కారు అమ్మేయండి" అనలేదు, గమనించారా? ఎంత అవుతుందో చెప్పమన్నారు. మీరు దాచినది పద్నాలుగు వేలు అనుకుంటున్నారు. ఆమె లెక్కలో, ఇంకేమైనా దాచారేమో తెలియకపోవడం కూడా చేరి ఉంటుంది. రెండు నెలల మౌనం ఆ రెండోదాన్ని రోజురోజుకూ పెంచుతోంది. "పూర్తయ్యాక విలువ పెరుగుతుంది, నష్టం రాదు" అన్న వాదనతో మాత్రం మొదలుపెట్టకండి. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు, కానీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. వర్క్‌షాప్ వారి చేత ఆ 40,000ను ముక్కలుగా రాయించుకోండి: తుప్పుకు ఎంత, రంగుకు ఎంత, ఇంజిన్‌కు ఎంత, లోపలి భాగాలకు ఎంత, ఏది ఆగితే ఏది ఆగుతుంది. ఆ కాగితం పక్కన ఇప్పటి కార్డు బాకీ, దాని నెలవారీ వడ్డీ, అమ్మగలిగిన పాత భాగాల జాబితా, స్నేహితుడి పదివేలు రాయండి. నేను పైన చెప్పిన నాలుగు దారుల్లో ఒక్కోదానికీ ఆ కాగితం మీద ఒక మొత్తం తేలుతుంది. నిర్ణయించేశాక ఆమెకు చూపించడం కంటే, నిర్ణయించకముందే చూపించడం మేలు. ఆమె నీలం రంగు బాగుంటుందనవచ్చు, అమ్మేద్దామనవచ్చు, కార్డు బాకీ తీరేదాకా అన్నీ ఆపమనవచ్చు. ఏది అన్నా అది ఇద్దరి లెక్క అవుతుంది.

వర్క్‌షాప్ వారు ముక్కలుగా రాసి ఇవ్వడానికి వారం పది రోజులు పట్టవచ్చు. ఆ వారం కూడా ఆమెతో మాట్లాడకుండా గడపకండి. కాగితం తెప్పిస్తున్నానని ఈ రాత్రే చెప్పండి, పద్నాలుగు వేలు తప్ప ఇంకే బాకీ లేదన్నది నిజమైతే అది కూడా అప్పుడే చెప్పండి. నిజం కాకపోతే, ఆ రెండో బాకీ ఎంతో ముందు చెప్పండి.